లోన్ స్టార్ సెలూన్, శాన్‌ఫ్రాన్సిస్కో: నీటికుక్కని వెంటేసుకుని వెళ్ళొచ్చాను

ఖమ్మంలో చదివేటప్పుడు క్లాసులో నా పేరు ఎలుగ్గొడ్డు. తొమ్మిదో తరగతికే వీపు మీద బొచ్చు. పీటీ సారు చొక్కా మార్చుకోమంటే కడుపునొప్పని చెట్టు కింద కూర్చునేవాణ్ణి. నానమ్మ ఒక్కతే "మా జాంబవంతుడు" అని ముద్దుచేసేది. ఇప్పుడు నాకు నలభై ఒకటి. హారిసన్ వీధిలోని ఈ బార్‌లో అదే మాట మెచ్చుకోలు.

తెలియనివాళ్ళకి చెప్తున్నా. గే మగవాళ్ళలో ఒళ్ళు, పొట్ట, గడ్డం, బొచ్చు ఉండి, వాటికి సిగ్గుపడని వాళ్ళు తమని తాము బేర్‌లు, అంటే ఎలుగులు, అనుకుంటారు. ఈ బార్ వాళ్ళ పాత అడ్డా. 1989లో వేరేచోట తెరిచారట. ఆ అక్టోబర్‌లోనే లోమా ప్రీటా భూకంపం వచ్చి ఆ చోటు పోతే, తర్వాత ఇక్కడికి మారారు. 'బేర్' పత్రిక కూడా ఈ ఊళ్ళోనే పుట్టింది, 1987లో. నున్నటి ఛాతీ, సన్నటి నడుము ఉన్న కుర్రాళ్ళే అందగాళ్ళుగా చలామణీ అయ్యే రోజుల్లో అదో తిరుగుబాటు.

నాతో సన్నీవేల్ తమ్ముడొచ్చాడు. చుట్టం కాదు, గుంటూరబ్బాయి. బక్కపలచని మనిషి, కానీ మెడ నుంచి మోచేతుల దాకా బొచ్చే. వెనక పాటియోలో బీర్ గ్లాసు పట్టుకుని అడిగాడు.

"అన్నా, మరి నేనేంటి?"

"ఆటర్‌వి."

"అంటే?"

"నీటికుక్క."

"ఇదే మాట మా ఊళ్ళో అని చూడు, చెప్పు తెగుద్ది."

పక్కనున్న తెల్లగడ్డం పెద్దాయన మా నవ్వు చూసి కుర్చీ ఇటు జరుపుకున్నాడు. తను పోలార్ బేర్‌నని చెప్పుకున్నాడు, గడ్డం నెరిసినవాళ్ళని అలా అంటారు. బక్కగా, కాస్త మొరటుగా ఉంటే వుల్ఫ్. వయసులో చిన్నవాడైతే కబ్. తను బేర్ కాకపోయినా బేర్‌ల వెంట పడేవాడు చేజర్. ఇంతా చెప్పి, గ్లాసు కింది అట్టముక్క తిప్పి బాల్‌పెన్‌తో నా జాతకం రాశాడు: బి4 ఎఫ్+ టి- డబ్ల్యూ+. బి అంటే గడ్డం, సున్నా నుంచి తొమ్మిది దాకా. తొమ్మిదంటే బెల్టు బకిల్‌కి తగలాలి. ఎఫ్ బొచ్చు, టి పొడుగు, డబ్ల్యూ బరువు. పొడుగు దగ్గర మైనస్ పెట్టినందుకు కాస్త నొచ్చుకున్నాను. 1989లో బాబ్ డొనహ్యూ, జెఫ్ స్టోనర్ అనే ఇద్దరు దీన్ని తయారుచేశారు. ఖగోళశాస్త్రంలో నక్షత్రాలకీ గెలాక్సీలకీ పెట్టే కోడ్‌ల పద్ధతిని మనుషుల గడ్డాలకి తగిలించారు, సగం వేళాకోళానికే.

ఆ వేళాకోళమే ఇప్పుడు డేటింగ్ యాప్‌ల్లో టిక్కు పెట్టే గడి అయి కూర్చుంది. ఒక యాప్‌లో (పేరెందుకులెండి) బేర్ అని పెట్టుకుంటే ఒకడు "ఆ పొట్ట చాలదు, నువ్వు కబ్‌వి" అని మెసేజ్ కొట్టాడు. ఇంకొకడు డాడీ అన్నాడు, అంటే వయసులో పెద్దవాణ్ణని. ఆసియా వాళ్ళకి పాండా అనే ముద్దుపేరొకటుంది. నేనూ ఆసియావాణ్ణే కదా అని అది రాసుకుంటే, చైనా మొహం కోసం వచ్చినవాడు నా ఫొటో చూసి మాయమయ్యాడు. నున్నటివాళ్ళ కొలతలు మాకొద్దని బయటికొచ్చినవాళ్ళే చేతిలో ఇంకో టేపు పట్టుకు తిరగడం నాకు మింగుడుపడదు.

ఆ ఆదివారం ఈ బార్‌లో మాత్రం నా నడుం ఎవరూ కొలవలేదు. బొచ్చే లేని ఒకాయన నల్ల బనీనేసుకుని బేర్‌నని చెప్పుకుంటే, మా పెద్దాయన "అవును, బేరే" అని గ్లాసు తగిలించాడు. మరి లెక్క ప్రకారం కాదు కదా అన్నాను. అట్టముక్క నా చేతిలో పెట్టి, "అది దాచుకోవడానికి, చూపించడానికి కాదు" అన్నాడు.

బేర్ జెండా కూడా చూసి రండి. క్రెయిగ్ బర్న్స్ 1995లో గీసింది. ఏడు చారలు, మూలన పంజా గుర్తు. ముదురు గోధుమ నుంచి పసుపు, తెలుపు మీదుగా నలుపు దాకా, లోకంలోని ఎలుగుల బొచ్చు రంగులు. మన నల్ల ఎలుగు రంగు ఆ అడుగు చారలో కనపడగానే తమ్ముడు నా భుజం గిల్లాడు.

వెళ్ళేవాళ్ళకి: ఇరవై ఒకటి దాటినట్టు ఐడీ ఉండాలి. కడుపు నింపుకునే వెళ్ళండి. ఫ్రీమాంట్ వైపు పోవాలంటే ఆఖరి బార్ట్ రైలు టైం ముందే చూసుకోండి. జాకెట్ తప్పనిసరి. సాయంత్రం మంచు దిగాక ఎఫ్+ ఉన్నా వణుకు ఆగలేదు.