ఎమీన్ యూనిట్‌కు పర్మాసెన్స్ డబ్ల్యూటీ210: కొనదగ్గదే, బిగింపు దగ్గరే జాగ్రత్త

గ్యాసులోంచి హైడ్రోజన్ సల్ఫైడ్‌ను ఎమీన్ ద్రావణంతో తీసేసే ఎమీన్ యూనిట్‌లో, తుప్పును కొలవడానికి ఈఆర్ ప్రోబ్‌నే (ఎలక్ట్రికల్ రెసిస్టెన్స్‌తో లోహం అరుగుదల చెప్పే కడ్డీ) నమ్ముకుంటే మోసపోతాం. ప్రోబ్ ఎలిమెంట్ అరిగేకొద్దీ రెసిస్టెన్స్ పెరగాలి. కానీ దాని మీద పేరుకునే ఐరన్ సల్ఫైడ్‌లోంచి కూడా కరెంటు పారుతుంది. దాంతో అరుగుదల తక్కువగా కనిపిస్తుంది, ఒక్కోసారి లోహం పెరిగినట్టే చూపిస్తుంది. ఎమర్సన్ కంపెనీ వాళ్ల పర్మాసెన్స్ డబ్ల్యూటీ210 సెన్సర్ పైపు బయటి నుంచి అల్ట్రాసౌండ్‌తో గోడ మందాన్నే కొలుస్తుంది కాబట్టి ఆ చిక్కు లేదు.

రెండు స్టెయిన్‌లెస్ స్టీల్ పట్టీలు పైపుకు ఆనుకుని ఉంటాయి, బ్యాటరీ ఉన్న తల ఇన్సులేషన్ బయట ఉంటుంది. 600 డిగ్రీలు తట్టుకునే పరికరానికి రీబాయిలర్ (ఎమీన్‌ను మరిగించే పాత్ర) దగ్గరి 120 డిగ్రీలు లెక్కే కాదు. అసలు లాభం, ఒకేచోట కదలకుండా కొలవడం. చేత్తో పట్టుకుని కొలిచే అల్ట్రాసౌండ్ (యూటీ) గేజీకి పావు మిల్లీమీటరు తేడా మామూలే. ఏడాదికి అర మిల్లీమీటరు పోయే లైనులో ఆ గేజీతో సంగతి తేలేసరికి నెలలు గడుస్తాయి. దీంతో వారాల్లోనే తెలుస్తుంది. తుప్పు పెరగడానికి కారణం హీట్ స్టేబుల్ సాల్ట్‌లు (మరిగించినా పోకుండా ఎమీన్‌లో మిగిలే లవణాలు) 2 శాతం దాటడమా, రిచ్ ఎమీన్ (హైడ్రోజన్ సల్ఫైడ్‌ను పీల్చుకున్న ఎమీన్) వేగం సెకనుకు 2 మీటర్లు మించడమా అని వెంటనే చూసుకోవచ్చు.

ఒక్కో సెన్సర్ చూసేది చాలా చిన్న చోటు. రీబాయిలర్ రిటర్న్ లైను ఎల్బో (పైపు వంపు), రిచ్ ఎమీన్ లెట్‌డౌన్ వాల్వ్ (ఒత్తిడి తగ్గించే వాల్వ్) తర్వాతి పైపు ముందు ఎంచుకోండి. ఎల్బో బయటి వంపు మీద మూడు నాలుగైనా పెట్టాలి. ఉష్ణోగ్రత సవరణ తప్పనిసరి: వేడి సుమారు 55 డిగ్రీలు పెరిగితే ఉక్కులో ధ్వని వేగం ఒక శాతం తగ్గుతుంది, అంటే 12 మిల్లీమీటర్ల గోడ ఊరికే 0.12 మిల్లీమీటర్లు పెరిగినట్టు కనిపిస్తుంది. లోపలి గోడ గరుకెక్కితే అంకె గెంతుతుంది. అప్పుడు అంకెను వదిలి వేవ్‌ఫారం (తిరిగొచ్చిన ధ్వని తరంగం గ్రాఫ్) తెరిచి చూడాలి.

సెన్సర్‌ను బిగించడానికి పైపుకు స్టడ్‌లు (చిన్న బోల్టు ముక్కలు) వెల్డ్ చేస్తామంటే ఒప్పుకోకండి. ఎమీన్ పైపులకు వెల్డింగ్ తర్వాత హీట్ ట్రీట్‌మెంట్ చేసి ఉంటారు. దాని మీద మళ్లీ వెల్డ్ పెడితే ఆ చోటు గట్టిపడుతుంది. 1984లో అమెరికాలోని రోమియోవిల్‌లో ఎమీన్ అబ్జార్బర్ (గ్యాసు, ఎమీన్ కలిసే టవర్) పగిలి 17 మంది చనిపోయారు. మరమ్మతు వెల్డ్ పక్కన గట్టిపడిన లోహంలోనే అక్కడ పగుళ్లు పుట్టాయి. క్లాంప్‌తోనే బిగించండి.

పగుళ్లను ఈ సెన్సర్ చూడలేదు. వాటికి షట్‌డౌన్‌లో వెట్ ఫ్లోరసెంట్ మాగ్నెటిక్ పార్టికల్ పరీక్ష (మెరిసే అయస్కాంత రేణువుల ద్రవంతో పగుళ్లు పట్టే పరీక్ష) చేయించాల్సిందే.