ఎటోషా నీటిగుంటల దగ్గర ఏడు రాత్రులు

ఆగస్టులో హైదరాబాద్ నుంచి నమీబియా వెళ్లాం, నేనూ మా ఆయనా. రాజధాని విండ్‌హుక్‌లో టయోటా హైలక్స్ బండి అద్దెకు తీసుకున్నాం. పైన మడతపెట్టే టెంటు, వెనక ఫ్రిజ్, గ్యాస్ పొయ్యి, రెండు స్పేర్ టైర్లు. అక్కడా మనలాగే ఎడమవైపు నడపాలి, స్టీరింగ్ కుడివైపే ఉంటుంది. అందుకే ఆయనకు గంటలోనే బండి అలవాటైపోయింది. డ్రైవింగూ వంటా ఆయనవి, కెమెరా నాది. జంతువును ముందు ఎవరు చూస్తారన్నది మాత్రం రోజూ పోటీయే.

మేం చూడ్డానికి వెళ్లిన ఎటోషా జాతీయ పార్కు 22 వేల చదరపు కిలోమీటర్లకు పైనే, ఉమ్మడి అనంతపురం జిల్లా కంటే పెద్దది. అంత చోట జంతువుల్ని ఎక్కడ వెతుకుతామని నాకు టెన్షన్. కానీ జూన్ నుంచి అక్టోబరు దాకా అక్కడ వానలు దాదాపు ఉండవు, దాహానికి అన్నీ నీటిగుంటలకే రావాలి. ఇది చదివి వెళ్లినా మొదటి రోజు ఆగలేకపోయాం. గుంట నుంచి గుంటకు పరుగెత్తాం. దొరికినవన్నీ దూరంగా వెళ్లిపోతున్న జీబ్రాల ఫొటోలు.

రెండో రోజు పొద్దున్నే నెబ్రౌని గుంట దగ్గర ఇంజిను ఆపేసి కూర్చున్నాం. మూడు గంటలు. ముందు స్ప్రింగ్‌బాక్ జింకలు వచ్చాయి, తర్వాత పొడుగు కొమ్ముల ఓరిక్స్‌లు, ఆఖరికి ఏనుగుల మంద. అక్కడి తెల్లమట్టి ఒళ్లంతా పూసుకుని, సున్నం వేసిన గోడల్లా ఉన్నాయి. తొండం వాడటం ఇంకా రాని పిల్ల ఒకటి మోకాళ్ల మీద వంగి నోటితోనే నీళ్లు తాగింది. ఆ ఫొటో ఇప్పుడు మా హాల్లో ఉంది. ఆ రోజు నుంచి రోజుకు రెండు గుంటలు దాటలేదు.

పార్కులో కారు దిగకూడదు, కాబట్టి ట్రైపాడ్ పనికిరాదు. దారిలో అవుట్యోలో రెండు కిలోల బియ్యం కొని గుడ్డసంచిలో పోసి కిటికీ మీద పెట్టుకున్నాను. దూరపువాటిని తీసే 100-400 లెన్స్ దాని మీద కదలకుండా నిలిచింది. పది దాటితే నేల మీది వేడిగాలికి దూరపు ఫొటోలు వణికినట్టు వస్తాయి, ఎంత ఖరీదైన లెన్సయినా ఏమీ చేయలేదు. తొమ్మిదిలోపు, నాలుగు తర్వాత తీసుకోవాలి. దగ్గరికి వచ్చిన ఏనుగులకైతే ఆ బాధ లేదు.

ఇక పార్కు లోపల రాత్రి బస చేసే మకాంలు. ఒకకూయోలో మూడు రాత్రులున్నాం. క్యాంపింగ్ చోట నీడ తక్కువ, దుమ్ము ఎక్కువ, టెంట్లు పక్కపక్కనే. అయినా మళ్లీ అక్కడికే వెళ్తాను. ఎందుకంటే మకాం గోడకు అవతలే దీపాలు పెట్టిన నీటిగుంట ఉంది. చలికి దుప్పట్లు కప్పుకుని రాతిగోడ దగ్గర అర్ధరాత్రి దాకా కూర్చున్నాం. మామూలుగా ఒంటరిగా తిరిగే నల్ల ఖడ్గమృగాలు అక్కడ ఒకేసారి ఐదు చేరాయి. తల్లి వెనక పిల్ల. అంతమంది జనంలో ఒక్కరూ మాట్లాడలేదు. మోచేతులు గోడకు ఆనించి, తక్కువ వెలుతురుకు ఐఎస్‌ఓ 6400కి పెంచి, సెకనులో ముప్పయ్యో వంతు షటర్‌తో తీశాను. అవి తాగుతూ కదలకుండా నిలబడ్డప్పుడే నొక్కాలి.

మధ్యలో ఒక రాత్రి పడమటి వైపు ఒలిఫాంట్స్‌రస్‌లో గడిపాం. చిన్న మకాం, పెట్రోలు దొరకదు. నీటిగుంట మీదికే కట్టిన రెండంతస్తుల చాటుగదిలోంచి కళ్ల ఎదుటే జంతువుల్ని చూడొచ్చు. 1980లలో ఏనుగుల సంఖ్య తగ్గించాలని వాటిని చంపినప్పుడు కళేబరాలను కోసింది ఇక్కడే. అందుకు వాడిన ఇనుప చట్రం ఇంకా ఉంది. అదే చోట ఏనుగు వచ్చి నీళ్లు తాగుతుంటే మా ఇద్దరికీ మాట రాలేదు.

హలాలీ మకాం నాకు చాలా నచ్చింది. చెట్లున్నాయి. అక్కడి నీటిగుంట పేరు మొరింగా. మన మునగకు చుట్టమైన, మొదలు ఉబ్బిన మొరింగా చెట్లు ఆ ప్రాంతంలో పెరుగుతాయి. గుంట పైన రాళ్ల మీద కూర్చుని కిందికి చూస్తాం, సాయంత్రం ఫొటోలకు ఇంతకంటే మంచి చోటు మాకు కనబడలేదు. రాత్రి హనీ బ్యాడ్జర్లనే చిన్న మాంసాహార జంతువులు చెత్తడబ్బాలు దొర్లిస్తాయి, తిండి ఏదీ బయట వదలకండి. దసరాకు మనం వెతుక్కునే పాలపిట్టకు దగ్గరి చుట్టం, ఊదారంగు రొమ్మున్న రోలర్ కూడా అక్కడే కొమ్మ మీద కూర్చుని నాకు పావుగంట ఇచ్చింది.

నముటోని మకాంలో పాత తెల్ల కోట చూడొచ్చు, ఒక రాత్రి చాలు. దగ్గర్లోని చుడాప్ గుంటలో జిరాఫీలు కాళ్లు బార్లా చాపి తాగడం మాత్రం వదలకండి.

బండి గురించి ఒక్క బాధ. మూడో రోజు, ఫ్రిజ్ కోసం బండిలో విడిగా పెట్టిన రెండో బ్యాటరీ చచ్చిపోయింది. పాలు, పెరుగు పారబోశాం. అద్దెకిచ్చినవాళ్లకు ఫోన్ చేస్తే ఇంజిను ఎక్కువసేపు నడపమన్నారు, అంతే. నీటిగుంట దగ్గర ఇంజిను ఎలా నడుపుతాం? ఆవకాయ ఉంది కాబట్టి గడిచింది. మీరు బండి తీసుకున్నాక మొదటి రాత్రి ఊళ్లోనే ఉండి, ఫ్రిజ్ తెల్లారేదాకా పనిచేస్తుందో లేదో చూసుకోండి. టెంటు జిప్పులు కూడా లాగి చూడండి. కంకర రోడ్లకు టైర్లలో గాలి ఎంత తగ్గించాలో అడిగి రాసుకోండి.

మళ్లీ వెళ్తే ఒకకూయోలో మూడు, హలాలీలో మూడు, ఒలిఫాంట్స్‌రస్‌లో రెండు రాత్రులు ఉంటాం. జూన్-అక్టోబరు నెలల్లో మకాంలు చాలా ముందే నిండిపోతాయి, విమానం టికెట్ కంటే ముందు వాటిని బుక్ చేసుకోండి. బియ్యం సంచి మాత్రం ఈసారి ఇక్కడే కుట్టుకుని వెళ్తాను.