ఆర్డుపైలట్, పీఎక్స్‌4, ఐనావ్: కొన్నేళ్లు మూడూ వాడాక ఏది ఉంచుకున్నానంటే

మన నల్గొండ వైపు చెల్కల మీద, బత్తాయి తోటల మీద సొంతంగా కట్టుకున్న డ్రోన్ ఎగరేసేవాళ్లు ఏ ఆటోపైలట్ (డ్రోన్‌ను గాలిలో నిలబెట్టి నడిపే సాఫ్ట్‌వేర్) వేసుకోవాలని అడిగితే, ఈ మూడింటిలో నేను ఆర్డుపైలట్ అనే చెప్తాను. గాలిలో నిలకడగా ఉండటంలో మూడింటికీ పెద్ద తేడా లేదు, సరిగ్గా ట్యూన్ చేస్తే అన్నీ బాగానే ఎగురుతాయి. తేడా తెలిసేది సిగ్నల్ పోయినప్పుడు, కంపాస్ తప్పు చూపినప్పుడు, ఏదో అయ్యి కింద పడ్డాక ఎందుకు పడిందో వెతుక్కునేటప్పుడు.

ముందుగా ఆర్‌టీఎల్ సంగతి, అంటే రిమోట్ సిగ్నల్ పోతే దానంతట అదే వెనక్కి రావడం. ఆర్డుకాప్టర్‌లో (ఆర్డుపైలట్‌లో మల్టీరోటర్ డ్రోన్లకు వాడే రకం) మనం మార్చకపోతే అలా వెనక్కి వచ్చే ఎత్తు 15 మీటర్లే ఉంటుంది, డ్రోన్ అప్పటికే అంతకంటే పైన ఉంటే ఆ ఎత్తులోనే వస్తుంది. మన దగ్గర పొలం గట్ల మీద 20 మీటర్లు దాటిన తాటిచెట్లు ఎన్ని ఉంటాయో మీకు నేను చెప్పక్కర్లేదు. అందుకే కొత్త బోర్డు (ఈ సాఫ్ట్‌వేర్ నడిచే చిన్న సర్క్యూట్) పెట్టగానే నేను మొదట మార్చేది ఈ అంకెనే. పీఎక్స్‌4లో ఇది మామూలుగా 60 మీటర్లు (ఇంటికి దగ్గరగా ఉంటే అంత పైకి ఎక్కదు), కాబట్టి ఈ ఒక్క విషయంలో అదే నయం. ఇంకోటి, ఈ ఎత్తు లెక్క మనం ఎగరేసిన చోటు నుంచి, కింద ఉన్న నేల నుంచి కాదు. మధ్యలో గుట్ట ఉంటే కష్టమే. ఆర్డుపైలట్‌లో టెర్రైన్ డేటా (ఎక్కడ నేల ఎంత ఎత్తుందో చెప్పే మ్యాపు) ఆన్ చేసి, ఆర్‌టీఎల్ ఎత్తు లెక్కను కూడా టెర్రైన్‌కు మార్చుకుంటే నేల ఎత్తును బట్టి వస్తుంది, గుట్టల దగ్గర ఇది చాలా పనికొస్తుంది, కానీ ఒక్కో తాటిచెట్టు ఆ డేటాలో కనిపించదు, ఆ ఎత్తు మనమే కలుపుకోవాలి.

రెండోది ప్రీ ఆర్మ్ చెక్స్, అంటే మోటార్లు తిరిగే ముందు ఆర్డుపైలట్ అన్నీ సరిగ్గా ఉన్నాయా అని చూసుకోవడం. డాబా మీద పెడితే స్లాబులోని ఇనుప చువ్వల వల్ల కంపాస్ తేడాగా ఉందని మోటార్లే తిరగనివ్వదు. చాలామంది అన్నలు విసుగొచ్చి ఆ చెక్స్ మొత్తం ఆపేస్తున్నారు, దయచేసి ఆ పని చేయకండి, పది అడుగులు వేసి మట్టి నేల మీద పెట్టండి చాలు.

నన్ను నిజంగా కట్టిపడేసింది మాత్రం లాగ్స్, అంటే ఎగిరినంతసేపు ఏం జరిగిందో రాసిపెట్టే ఫైళ్లు. ఒకసారి మోటారు బేరింగ్ అరిగితే చెవికి ఏమీ తెలియలేదు, వైబ్రేషన్ గ్రాఫ్‌లో మాత్రం ముందే కనిపించింది. ఆ అంకె 30 లోపు ఉంటే ఫర్వాలేదు, 60 దాటితే ఎత్తు పట్టుకోవడమే కష్టమవుతుంది. దగ్గరలో చూపించుకోవడానికి తెలిసినవాళ్లెవరూ లేని ఊళ్లో ఉన్నవాడికి ఈ లాగ్ ఫైలే పెద్ద దిక్కు. పీఎక్స్‌4 లాగ్స్ కూడా మంచివే, వెబ్‌లో ఎక్కిస్తే గ్రాఫులు అవే వచ్చేస్తాయి.

పీఎక్స్‌4 కోడ్ చాలా శుభ్రంగా ఉంటుంది, ఆర్‌ఓఎస్ 2తో (రోబోల కోసం వాడే సాఫ్ట్‌వేర్) బాగా కలుస్తుంది, ఇంజనీరింగ్ పిల్లలు ప్రాజెక్టు చేస్తుంటే అదే తీసుకోండి. బీఎస్‌డీ లైసెన్సు కాబట్టి మార్చిన కోడ్ బయట పెట్టాల్సిన పని లేదు. ఆర్డుపైలట్‌ది జీపీఎల్, మార్చిన ఫర్మ్‌వేర్ అమ్మితే కొన్నవాళ్లకు కోడ్ కూడా ఇవ్వాలి. కానీ చవక బోర్డుల మీద పీఎక్స్‌4 సపోర్టు తక్కువ, హాబీకి అదే ఇబ్బంది.

ఐనావ్ చిన్న ఫోమ్ విమానాలకు హాయిగా ఉంటుంది. సెట్టింగులు తక్కువ, చేత్తో విసిరితే ఆటో లాంచ్ దానంతట అదే పైకి తీసుకెళ్తుంది. మిషన్ ప్లానర్ (ఆర్డుపైలట్‌ను సెట్ చేసే కంప్యూటర్ ప్రోగ్రామ్) మొదటిసారి తెరిచినవాళ్లకు వచ్చే టెన్షన్ ఇందులో ఉండదు. ఇక బీటాఫ్లైట్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ ఉంది, అది రేసింగ్‌కు, విన్యాసాలకు, దాన్ని వీటితో పోల్చడం సరికాదు.

ఎండాకాలం మధ్యాహ్నం మాత్రం ఏది వేసినా ఎత్తు కొంచెం అటూ ఇటూ అవుతుంది. బారోమీటర్ (గాలి ఒత్తిడిని బట్టి ఎత్తు కొలిచే సెన్సర్) మీద ఎండ, గాలి తగలకుండా చిన్న స్పాంజి ముక్క పెట్టండి.

కొత్తగా కొనేవాళ్లు 1 ఎంబీ మెమరీ ఉన్న ఎఫ్‌405 చిప్ బోర్డుల కంటే 2 ఎంబీ ఉన్న హెచ్‌743 చిప్ బోర్డు చూసుకోండి. చిన్న వాటిలో చోటు చాలక ఆర్డుపైలట్ కొన్ని ఫీచర్లు తీసేస్తుంది. ఎస్‌డీ కార్డు స్లాట్ ఉన్నదే తీసుకోండి, లాగ్స్, టెర్రైన్ డేటా రెండూ దాంట్లోనే పడతాయి.