నెస్ట్లే–ఆలాండ్ 28: పేజీ అడుగు భాగం కోసమే కొనాల్సిన పుస్తకం

ఫోన్‌లో గ్రీకు కొత్త నిబంధన ఫ్రీగా దొరుకుతుంటే నెస్ట్లే–ఆలాండ్ 28వ ఎడిషన్ అనే ఈ నీలం అట్ట గ్రీకు పుస్తకానికి నాలుగంకెల డబ్బు ఎందుకు పెట్టాలి సార్ అని బీడీ (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ, క్రైస్తవ వేదాంత డిగ్రీ) చదివే పిల్లలు అడుగుతూనే ఉంటారు. ఈ మధ్య మన హైదరాబాద్‌లోనే కొత్తగా పాఠాలు చెప్పడం మొదలుపెట్టిన ఇద్దరు లెక్చరర్లు కూడా అదే అడిగారు కాబట్టి వివరంగా రాస్తున్నాను. పెట్టాలి, కానీ అందరూ కాదు.

ఎబర్‌హార్డ్ నెస్ట్లే 1898లో స్టుట్‌గార్ట్‌లో మొదలుపెట్టిన పని ఇది, 28వ ఎడిషన్ 2012లో వచ్చింది. పేజీ పైభాగంలో గ్రీకు పాఠం ఉంటుంది. అడుగున చిన్న అక్షరాల్లో పాఠాంతరాలు, అంటే ఏ మాట ఏ రాతప్రతిలో ఉంది, దేంట్లో లేదు, ఎక్కడ వేరేగా ఉంది అన్న వివరం. పైభాగాన్ని ప్రచురణకర్తలే ఆన్‌లైన్‌లో ఉచితంగా చదువుకోనిస్తున్నారు. మనం డబ్బు పెట్టేది అడుగు భాగానికి.

అది క్లాసులో ఏం చేస్తుందో చెప్తాను. యోహాను సువార్త 8లో వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీ కథ ఉంది కదా, మన క్లాసుల్లో కూర్చునే పిల్లల్లో చాలామంది కాలేజీకి రాకముందే సొంత ఊరి సంఘంలో దాని మీద వాక్యం చెప్పి వచ్చినవాళ్లు. ఈ పుస్తకంలో 7:53 నుంచి 8:11 దాకా రెండేసి చదరపు బ్రాకెట్ల మధ్య ఉంటుంది. అది చూడగానే ఎవరో ఒకరు లేచి, కొంచెం భయంగానే, అంటే ఇది బైబిల్ కాదా సార్ అంటారు. ఆ ప్రశ్నను దాటేసే లెక్చరర్లు ఉన్నారు, విశ్వాసంతో తీసుకో అని కూర్చోబెట్టేవాళ్లూ ఉన్నారు, నాకు ఆ రెండూ అన్యాయంగానే అనిపిస్తాయి. నేను అడుగు భాగాన్ని వాళ్లచేతే పైకి చదివిస్తాను. పాత రాతప్రతులైన పాపిరస్ 66, 75ల్లో లేదు, సినాయ్ ప్రతిలో లేదు, వాటికన్ ప్రతిలో లేదు, బెజా ప్రతిలో ఉంది, కుటుంబం 13 అని పిలిచే కొన్ని ప్రతుల్లోనైతే ఏకంగా లూకా 21:38 తర్వాత ఉంది. ఇవన్నీ బోర్డు మీద రాశాక పిల్లలు తమలో తామే వాదించుకోవడం మొదలుపెడతారు, ఆ అరగంట కోసమే నేను ఈ ఉద్యోగం చేస్తున్నానని చాలాసార్లు అనిపించింది. సంపాదకులు ఆ కథను తీసేయలేదు, మొదట రాసిన సువార్తలో లేదని తేల్చినా సంఘం ఎంతో కాలంగా చదువుకుంటోంది కాబట్టి ఉన్నచోటే ఉంచి బ్రాకెట్లు పెట్టారు. మార్కు 16:9–20 దగ్గరా ఇదే పద్ధతి.

తెలుగు ఎం.ఏ. చదివి వచ్చినవాళ్లకు ఇది త్వరగా ఎక్కుతుంది. సి.పి. బ్రౌన్ వేమన పద్యాలకు రాతప్రతులు సేకరించి, పండితుల చేత వాటిని పోల్చి చూపించి పాఠాలు నిర్ణయించిన సంగతి వాళ్లకు ముందే తెలుసు, పని స్వభావం అదే అంటే చాలు.

ఇక 28లో కొత్తదేమిటి? కొత్త నిబంధనలో యాకోబు నుంచి యూదా వరకు ఉన్న పత్రికల్లో, అంటే ఉత్తరాల్లో, 34 చోట్ల పాఠం మారింది. ఉదాహరణకు యూదా పత్రిక 5వ వచనంలో ఐగుప్తు నుంచి ప్రజలను రక్షించింది 27వ ఎడిషన్‌లో ప్రభువు, ఇందులో యేసు. పేతురు, యాకోబు, యూదా పత్రికల మీద ఎంటీహెచ్ (మాస్టర్ ఆఫ్ థియాలజీ) థీసిస్ రాసేవాళ్లు 27తో సరిపెట్టుకోవడం కుదరదు. సువార్తలే చెప్పేవాళ్లయితే మాత్రం, మీ దగ్గర 27 ఉంటే తొందర వద్దు, పై పాఠం అక్కడ మారలేదు. పైగా జర్మనీలోని మ్యూన్‌స్టర్ సంస్థ చేస్తున్న పెద్ద పరిష్కరణలో అపొస్తలుల కార్యములు 2017లో, మార్కు సువార్త 2021లో వచ్చేశాయి, ఆ ఫలితాలు ఈ 28లో లేవు. కొనేముందు తర్వాతి ఎడిషన్ సంగతి కనుక్కోండి.

ఇబ్బందులు ఉన్నాయి. అడుగు భాగం అక్షరాలు మరీ చిన్నవి, పగలంతా క్లాసులు చెప్పి రాత్రి ట్యూబ్‌లైట్ కింద పట్టుకుంటే కళ్లు మండుతాయి. కాగితం పల్చన, పెన్నుతో రాస్తే వెనక పేజీలో కనబడుతుంది, పెన్సిల్ వాడండి. గుర్తులు అలవాటవడానికి ఒక సెమిస్టర్ పడుతుంది, ముందుమాట జర్మన్‌లో, ఇంగ్లిష్‌లోనే ఉంది కాబట్టి తెలుగు మీడియం పిల్లలకు అది అసలు గోడే. నేను ఆ గుర్తులన్నిటికీ తెలుగులో రెండు పేజీల పట్టిక చేసి జెరాక్స్ తీసి ఇస్తున్నాను, మీరూ మీ క్లాసుకు తగ్గట్టు చేసుకోండి. బైండింగ్ మీద మాత్రం ఫిర్యాదు లేదు, బల్ల మీద తెరిచిపెడితే తెరుచుకునే ఉంటుంది.

ఆన్‌లైన్‌లో ముక్కూమొహం తెలియని సెల్లర్ దగ్గర ఆర్డర్ పెట్టకండి. నాకు అట్ట మూల నలిగి వచ్చింది, మార్చమంటే జవాబే లేదు. సికింద్రాబాద్ బైబిల్ హౌస్ వైపు వెళ్లినప్పుడు అడిగి చూడండి, ఉంటే చేత్తో పట్టుకుని చూసి తీసుకోవచ్చు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో 26 గానీ 27 గానీ కనబడితే వదలొద్దు, ఆ రెండిటి పై పాఠం ఒక్కటే, గ్రీకు నేర్చుకునేవాళ్లకు బాగా పనికొస్తుంది.

బీడీలో గ్రీకు ఇప్పుడే మొదలుపెట్టినవాళ్లు ఇది కొనకండి. 2014లో వచ్చిన యూబీఎస్ 5, అంటే యునైటెడ్ బైబిల్ సొసైటీస్ వాళ్ల గ్రీకు కొత్త నిబంధన ఐదో ఎడిషన్ తీసుకోండి. గ్రీకు పాఠం ఇదే, పాఠాంతరాలు తక్కువ, కానీ ఒక్కోదానికీ సాక్ష్యం ఎక్కువ వివరంగా ఇచ్చి, తమకు ఎంత నమ్మకమో ఏ, బీ, సీ, డీ అని మార్కు కూడా వేస్తారు. పరీక్షకు చదివేవాళ్లకు అదే సుఖం.

లెక్చరర్లకు నా రేటింగ్ ఐదుకు నాలుగున్నర. తగ్గిన ఆ అర అక్షరాల సైజుకి. కాలేజీల యాజమాన్యాలు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక మాట, కొత్త నిబంధన చెప్పే ప్రతి లెక్చరర్‌కూ ఒక కాపీ కాలేజీయే కొనివ్వండి. పేపర్లు దిద్దుతూ, థీసిస్‌లు చూస్తూ, ఆదివారం వాక్యానికి వెళ్లి వస్తూ బతికే మనిషి, లైబ్రరీలో తాళం వేసిన బీరువాలో ఉన్న ఒక్క కాపీ కోసం అప్లికేషన్ రాసుకునే పరిస్థితి ఉండకూడదు.