జాజ్ డ్రమ్మర్ ఆర్ట్ బ్లేకీని ఏ రికార్డుతో మొదలుపెట్టాలి: 'మోనిన్'తోనా, 'ఫ్రీ ఫర్ ఆల్'తోనా?

"బ్లేకీ రికార్డులు బోలెడున్నాయి, అన్నీ వినే తీరిక లేదు, ఒక్కటి చెప్పండి చాలు" అని అడిగేవాళ్లు ఏడాదికి నలుగురైదుగురు తగులుతూనే ఉంటారు. ఇన్నాళ్లూ అందరికీ తడుముకోకుండా 'మోనిన్' అనే చెప్పాను. జాజ్ వినేవాళ్లలో నూటికి తొంభై మంది చెప్పేదీ అదే, నచ్చకపోవడమంటూ ఉండదు.

పోయిన నెల మా అక్క కొడుకు వచ్చి ఇదే అడిగాడు. వాడు డ్రమ్స్ నేర్చుకోవడం మొదలుపెట్టి ఆరు నెలలైంది. వాడికీ మోనినే పెట్టాను. తొమ్మిదిన్నర నిమిషాల పాట అయ్యేసరికి ట్యూన్ నోటికొచ్చేసింది, ఈల వేసుకుంటూ వంటింట్లోకి వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చాడు. వచ్చి, "మామయ్యా, ఈ బ్యాండ్ డ్రమ్మర్‌ది అన్నావుగా, మరి ఇందులో ఆయనేం చేశాడు?" అన్నాడు.

వాడు వెళ్లాక రెండు రికార్డులూ ఒకదాని తర్వాత ఒకటి మళ్లీ విన్నాను. ఇకమీదట అడిగినవాళ్లకి నేను చెప్పే జవాబు మారింది, ఎందుకు మారిందో వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక సంగతి గుర్తు చేసుకోవాలి. మోనిన్‌లో ఆరు ట్యూన్లుంటే నాలుగు బెన్నీ గోల్సన్‌వి, టైటిల్ ట్యూన్ పియానో వాయించిన బాబీ టిమ్మన్స్‌ది, ఆఖరిది ఒక పాత పాపులర్ పాట. ఫ్రీ ఫర్ ఆల్‌లో నాలుగుంటే రెండు వేన్ షార్టర్‌వి, ఒకటి ఫ్రెడ్డీ హబ్బర్డ్‌ది, ఒకటి క్లేర్ ఫిషర్‌ది. బ్లేకీ రాసింది ఒక్కటీ లేదు. అట్ట మీద మాత్రం పెద్దక్షరాల్లో ఆయన పేరు. ట్యూన్ రాయడు, ట్రంపెట్ ఊదడు, పాడడు, అయినా ముప్పై ఐదేళ్ల పాటు ఆ బ్యాండ్ ఆయనదే. పిట్స్‌బర్గ్‌లో 1919లో పుట్టి, పసితనంలోనే తల్లిని పోగొట్టుకుని, టీనేజిలోనే క్లబ్బుల్లో పియానో వాయించి సంపాదించడం మొదలుపెట్టి, తర్వాత డ్రమ్స్‌కి మారిన మనిషి. 1944లో బిల్లీ ఎక్స్‌టైన్ బ్యాండ్‌లో చేరి చార్లీ పార్కర్, డిజ్జీ గిలెస్పీ లాంటి పెద్ద జాజ్ వాద్యకారుల వెనక కూర్చున్నాడు. ఆ దశకంలోనే ఇస్లాం స్వీకరించి అబ్దుల్లా ఇబ్న్ బుహైనా అని పేరు పెట్టుకున్నాడు, అందుకే తోటివాళ్లందరికీ 'బు'. పియానిస్ట్ హోరేస్ సిల్వర్‌తో కలిసి మొదలుపెట్టిన జాజ్ మెసెంజర్స్ అనే ఈ బ్యాండ్, 1956లో సిల్వర్ వెళ్లిపోయాక ఈయన చేతికొచ్చింది, 1990లో చనిపోయేదాకా నడిపాడు.

కాబట్టి నా లెక్కలో, బ్లేకీని మొదటిసారి వినేవాళ్లకి ఇచ్చే రికార్డు ఒక్క ప్రశ్నకి జవాబివ్వాలి: ఇది ఈయన బ్యాండ్ ఎలా అయింది? ట్యూన్ ఎంత బాగుంది, రికార్డింగ్ ఎంత శుభ్రంగా ఉంది, ఎంత పేరొచ్చింది, ఇవన్నీ ఆ తర్వాతే. మా వాడు అడిగిందీ అదే కదా.

మోనిన్ సంగతి. 1958 అక్టోబర్ 30న న్యూజెర్సీలోని హ్యాకెన్‌సాక్‌లో రికార్డు చేశారు. స్టూడియో అంటే పెద్దగా ఊహించుకోకండి, రికార్డింగ్ ఇంజినీరు రూడీ వాన్ గెల్డర్ తల్లిదండ్రుల ఇంట్లో ముందుగది. వాన్ గెల్డర్‌కి అప్పటికి పగటి ఉద్యోగం కళ్ల పరీక్ష చేసి అద్దాలు రాయడం. ట్రంపెట్ లీ మోర్గన్‌కి ఇరవై ఏళ్లు, టిమ్మన్స్‌కి ఇరవై రెండు, టెనర్ శాక్సఫోన్ గోల్సన్, బేస్ జిమీ మెరిట్. డ్రమ్మర్ తప్ప నలుగురూ ఫిలడెల్ఫియా వాళ్లే. టైటిల్ ట్యూన్‌లో మొదట పియానో ఒక మాట అంటుంది, మిగతావాళ్లు రెండే రెండు స్వరాలతో 'ఆమెన్' అన్నట్టు వంత పాడతారు. రెండోసారి హార్న్స్ (ట్రంపెట్, శాక్సఫోన్) అంటాయి, పియానో వంత. చర్చిలో పాస్టర్ ఒక మాట అంటే జనం బదులివ్వడం లాంటిదే, అందుకే ఎవరికైనా ఒక్కసారికే పట్టుబడుతుంది. టిమ్మన్స్ మొదట ఆ ఎనిమిది బార్ల (తాళం ఆవర్తాల) ముక్కే ఊరికే వాయించుకుంటూ ఉండేవాడట, మధ్య భాగం కూడా రాసి పూర్తి ట్యూన్ చెయ్యమని వెంటపడింది గోల్సనే.

అసలు ఆ రికార్డులో ఎక్కడ చూసినా గోల్సన్ చెయ్యి కనిపిస్తుంది. మిగతా ముగ్గురినీ కూర్చింది ఆయన, ఎక్కువ ట్యూన్లు ఆయనవి, ఎవరు ఎప్పుడు వాయించాలో ఏర్పాటు ఆయనది. బ్లేకీకి డ్రమ్స్ ముందుండే పెద్ద పీస్ కావాలంటే, మ్యాలెట్లతో (మెత్తటి తల ఉన్న కర్రలతో) వాయించడానికి మూడు భాగాల సూట్, అంటే వరసగా వాయించే మూడు ముక్కల రచన, ఒకటి గోల్సనే రాసిచ్చాడు. కవాతు లయలో ఉన్న బ్లూస్ కూడా ఆయనదే. ఇవి వింటే డ్రమ్స్ బాగా వినిపిస్తాయి, కాదనను. కానీ అది డ్రమ్మర్ కోసం ఇంకొకరు వేసి ఇచ్చిన పీట. గోల్సన్ అంటే నాకు చాలా గౌరవం, ఆయన ట్యూన్లు యాభై ఏళ్ల తర్వాతా వాయిస్తారు, కానీ ఈ రికార్డు సగం ఆయనదే అని ఒప్పుకోవాలి.

బ్లేకీ చేసేది మోనిన్‌లో లేదని కాదు. మెయిన్ ట్యూన్ అయ్యి మోర్గన్ సోలో ఎత్తుకునే చోట ఒక ప్రెస్ రోల్ వస్తుంది, రెండు కర్రలూ స్నేర్ అనే డ్రమ్ మీద అదిమిపెట్టి దొర్లిస్తే చిన్నగా మొదలై ఉరుములా పెరిగే ఆ చప్పుడే మోర్గన్‌ని ముందుకు తోసేది. కాకపోతే ఆ క్షణంలో మీ చెవి ట్రంపెట్ మీద ఉంటుంది. ట్యూన్ అంత బాగుండటమే ఇబ్బంది.

ఇప్పుడు ఫ్రీ ఫర్ ఆల్. 1964 ఫిబ్రవరి 10, ఈసారి వాన్ గెల్డర్ సొంతంగా కట్టుకున్న స్టూడియో, ఇంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో, ఎత్తయిన చెక్క కప్పు కింద. ఐదుగురు కాదు, బ్లేకీతో కలిపి ఆరుగురు: టెనర్ శాక్సఫోన్ షార్టర్, ట్రంపెట్ హబ్బర్డ్, ట్రాంబోన్ మీద కర్టిస్ ఫుల్లర్, పియానో సీడర్ వాల్టన్, బేస్ రెజ్జీ వర్క్‌మన్. బ్లేకీకి నలభై నాలుగు, మిగతావాళ్లందరికీ ఆయన కంటే పదేళ్లు పైగా తక్కువే.

ఆ తేదీ గురించి ఒక మాట. సరిగ్గా అదే రోజు వాషింగ్టన్‌లో ప్రతినిధుల సభ పౌరహక్కుల బిల్లుని 290-130 ఓట్లతో ఆమోదించింది. హబ్బర్డ్ రాసిన ట్యూన్ పేరు 'ద కోర్', ఆ హక్కుల కోసం రోడ్డెక్కి పోరాడిన కాంగ్రెస్ ఆఫ్ రేషియల్ ఈక్వాలిటీకి అంకితం. స్టూడియోలో ఉన్నవాళ్లకి ఆ ఓటింగ్ సంగతి తెలిసి వాయించారని నేననను, కానీ ఆ ఏడాది గాలి ఎలా ఉందో ఆ రికార్డు వింటే తెలుస్తుంది. ఎవరూ మెత్తగా వాయించే పరిస్థితిలో లేరు.

టైటిల్ ట్యూన్ పదకొండు నిమిషాలు. ఈల వేసుకునే ట్యూన్ కాదు. షార్టర్ సోలో మొదలయ్యాక బ్లేకీ ఏం చేస్తాడో మాత్రమే వినండి, మొదటిసారికి ఇంకేమీ పట్టించుకోవద్దు. మొదట్లో సింబల్ (ఇత్తడి పళ్లెం) మీద నడక, ఎడమ చేతితో స్నేర్ మీద అక్కడో దెబ్బ ఇక్కడో దెబ్బ, అంతే. షార్టర్ ఒక చిన్న ముక్క పట్టుకుని దాన్నే తిప్పితిప్పి వాయిస్తుంటే ఆ దెబ్బలు దగ్గరవుతాయి, తర్వాత రోల్ కింద నుంచి లేస్తుంది, ఇంక శాక్సఫోన్ ఆగలేదు, ఆగితే మునిగిపోతుంది. షార్టర్ ఇంకో మెట్టు ఎక్కుతాడు. అక్కడ శాంతిస్తాడేమో అనుకుంటే బ్లేకీ వదలడు, పెద్ద సింబల్ మీద ఒక్కటిచ్చి మళ్లీ మొదటి నుంచి తోస్తాడు. వెనక నుంచి ఆయన కేకలు కూడా వినిపిస్తాయి. నాకు తెలిసి సోలో వాయించేవాణ్ణి ఇంతగా నిలదీసిన డ్రమ్మర్ రికార్డుల్లో ఇంకొకరు లేరు. పైగా అందులో కోపం లేదు, నీలో ఇంకా ఉంది, బయటికి తియ్యి అన్నట్టుంటుంది.

ఆయన బ్యాండ్ నడపడం అంటే ఇదే. నోట్లు కాగితం మీద రాసేది వేరేవాళ్లు, కానీ ఆ నోట్లు ఎంత ఎత్తుకి వెళ్లాలి, ఎక్కడ తగ్గాలి, ఎవరు ఇంకో రౌండ్ వాయించాలి అనేది డ్రమ్స్ నుంచే తేలుతుంది. షార్టర్ మొదటిసారి మోర్గన్ పక్కన ఈ బ్యాండ్‌లో చేరింది 1959లో, బ్యాండ్‌కి మ్యూజిక్ డైరెక్టర్ అయ్యాడు, ఐదేళ్లు రాస్తూ ఉన్నాడు. అదే మనిషి 1964 సెప్టెంబర్‌కల్లా ట్రంపెట్ వాయించే మైల్స్ డేవిస్ బ్యాండ్‌కి వెళ్లి అక్కడ చాలా తక్కువ నోట్లతో, గాలిలో గీతలు గీసినట్టు వాయించాడు. రెండూ వింటే ఇక్కడి ఆ మంటలో బ్లేకీ వంతు ఎంతో అర్థమవుతుంది.

మా వాడికి రెండోసారి వచ్చినప్పుడు ఇదే పెట్టాను. మూడో నిమిషానికల్లా ఫోన్ పక్కన పెట్టేశాడు. "ఆ అరుస్తున్నది ఎవరు?" అన్నాడు. డ్రమ్మరే అన్నాను. తర్వాత మాట్లాడలేదు, తొడ మీద వేళ్లతో ఆ రోల్ పట్టుకోవడానికి చూస్తూ కూర్చున్నాడు, అందలేదు.

ఫ్రీ ఫర్ ఆల్‌కి ఇబ్బందులు లేవా అంటే ఉన్నాయి. చప్పుడు ఎక్కువ. ఇంట్లో నలుగురూ ఉన్నప్పుడు, భోజనాల వేళ పెట్టేది కాదు. జాజ్ అసలు ఎప్పుడూ విననివాళ్లకి మొదటి ఐదు నిమిషాలు గందరగోళంగా అనిపించొచ్చు, వాళ్లకి ఆఖరి ట్రాక్ 'పెన్సాటివా'తో మొదలుపెట్టమంటాను. బోసా నోవా అనే మెత్తటి బ్రెజిల్ లయలో ఉంటుంది, హబ్బర్డ్ ఏర్పాటు చేసిన తీరు బాగుంటుంది, అదే బ్లేకీ అంత మెత్తగా ఎలా వాయించగలడో కూడా తెలుస్తుంది. రికార్డింగ్ శుభ్రత చూసుకుంటే మోనిన్‌దే పైచెయ్యి, ప్రతి వాద్యం విడివిడిగా వినిపిస్తుంది. పాట కావాలి, డ్రమ్మర్ గొడవ నాకెందుకు అనుకునేవాళ్లు నిశ్చింతగా మోనిన్ తీసుకోండి, మీరు పోగొట్టుకునేదేమీ లేదు. కానీ "బ్లేకీని వినాలి" అని అడిగితే మాత్రం నా జవాబు ఇప్పుడు ఫ్రీ ఫర్ ఆల్.

మిగతావి కూడా అడుగుతారు కాబట్టి క్లుప్తంగా. 1954లో న్యూయార్క్ బర్డ్‌లాండ్ క్లబ్బులో చేసిన లైవ్ రికార్డులు క్లిఫర్డ్ బ్రౌన్ ట్రంపెట్ కోసం వినాల్సిందే, రెండేళ్లకే కారు ప్రమాదంలో పోయాడు, పాతికేళ్లకే. ఈ కుర్రవాళ్లు పెద్దవాళ్లయ్యాక ఇంకా చిన్నవాళ్లని తెచ్చుకుంటానని బ్లేకీ మైకులో చెప్పింది కూడా అక్కడే. కానీ అప్పటికి ఇది ఇంకా పూర్తిగా ఆయన బ్యాండ్ కాదు. 1960 నాటి 'ఎ నైట్ ఇన్ ట్యునీషియా'లో డ్రమ్స్ మోత కావలసినంత, మూడోదిగా తీసుకోండి. 1980ల్లో పద్దెనిమిదేళ్ల ట్రంపెట్ కుర్రాడు విన్టన్ మార్సాలిస్‌తో చేసినవి మంచివే, మార్సాలిస్ అభిమానులకి. 1947లో పియానిస్ట్ థెలోనియస్ మంక్ బ్లూ నోట్ కంపెనీకి చేసిన మొదటి రికార్డింగులకి వాయించినవి గొప్పవి, అయితే అవి మంక్‌వి.

ఒకటి మాత్రం చెప్పాలి. మొన్న ఆదివారం మా వాడు తనంతట తనే మళ్లీ మోనిన్ పెట్టమన్నాడు. ఈసారి ఈల వెయ్యలేదు. రెండు నిమిషాలు విని, "మామయ్యా, హై-హ్యాట్ చూడు, ఆ జంట సింబల్స్‌ని రెండో దెబ్బకి, నాలుగో దెబ్బకి కాలితో టప్‌మని మూస్తున్నాడు, పాట అంతా ఒక్కసారి కూడా వదల్లేదు" అన్నాడు. తర్వాత మోర్గన్ సోలో ముందు వచ్చే ఆ రోల్ దగ్గర చెయ్యెత్తి నన్ను ఆపి, వెనక్కి జరిపి నాలుగుసార్లు పెట్టించాడు.