శ్రీకాకుళం పిల్లలకు బ్రిటన్ ఓటు: నమోదుకి మంచి మార్కులు, పోస్టల్‌కి పాస్ మార్కులూ కష్టమే

ఉద్దానం నుంచి రాజాం దాకా, ఇటు విజయనగరం కోట చుట్టుపక్కల వీధుల్లోనూ పిల్లల్ని చదువుకి బ్రిటన్ పంపిన ఇళ్ళు ఉన్నాయి. ఆ పిల్లల్లో చాలామందికి తెలియని సంగతి ఒకటి. భారత్ కామన్వెల్త్ దేశం కాబట్టి, వీసా మీద అక్కడ ఉంటున్న భారతీయులకు 18 ఏళ్ళు నిండితే బ్రిటన్ పార్లమెంటు ఎన్నికల్లో ఓటుంది. పౌరసత్వం అక్కర్లేదు, స్టూడెంట్ వీసా చాలు. ఆ ఓటు చేతికిచ్చే ప్రభుత్వ సేవ ఎలా పనిచేస్తుందో, ఎక్కడ దెబ్బతింటుందో చెప్పడానికే ఈ సమీక్ష.

ముందు నమోదు. గవ్ డాట్ యూకే సైటులో 'రిజిస్టర్ టు ఓట్' పేజీ తెరిస్తే పని ఐదు నిమిషాల్లో అయిపోతుంది. పేరు, పుట్టిన తేదీ, చిరునామా, జాతీయత, నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు (అక్కడ ఉద్యోగం, పన్ను లెక్కలకి ఇచ్చేది) అడుగుతారు. కొత్తగా వెళ్ళినవాళ్ళకి ఆ నంబరు ఇంకా రాకపోతే ఆగిపోనక్కర్లేదు. లేదని రాసి పంపితే, అక్కడి కౌన్సిల్ (మన మున్సిపాలిటీ లాంటిది) వాళ్ళు పాస్‌పోర్టు లాంటి ఆధారం అడుగుతారు. ఓపెన్ రిజిస్టర్‌లో పేరు వద్దనే గడిలో టిక్కు పెట్టండి, ఆ జాబితాని ఎవరైనా కొనుక్కోవచ్చు. అసలు ఓటరు జాబితాలో పేరుంటే క్రెడిట్ స్కోరుకీ మేలే.

మన పిల్లలు తప్పు చేసేది పేరు దగ్గర. పాస్‌పోర్టులో 'అప్పలనాయుడు' అని ఒక్క మాటగా ఉంటే ఫారంలో 'అప్పల నాయుడు' అని విడగొట్టొద్దు. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఎక్కడుంటే ఇక్కడా అక్కడే రాయండి. బూత్‌లో జాబితాలోని పేరునీ గుర్తింపు కార్డు మీది పేరునీ పక్కపక్కన పెట్టి చూస్తారు. పుట్టిన తేదీ కూడా సర్టిఫికెట్‌లోదే రాయాలి, ఇంట్లో చెప్పుకునేది కాదు.

రెండో చిక్కు ఇల్లు మారడం. నమోదు చిరునామాకి కట్టుబడి ఉంటుంది. ఆరు నెలలకోసారి గది మారే విద్యార్థి, మారిన ప్రతిసారీ మళ్ళీ నమోదు చేసుకోవాలి. ఇది మర్చిపోతే ఎన్నికల రోజు పాత ఊరి బూత్‌కి పరుగెత్తాలి. ఈ ఒక్క లోటు తప్పిస్తే ఈ సేవకి ఐదుకి నాలుగున్నర ఇవ్వొచ్చు.

బూత్‌లో మన భారత పాస్‌పోర్టు చెల్లుతుంది. ఆధార్, పాన్, ఇండియా డ్రైవింగ్ లైసెన్సు, యూనివర్సిటీ కార్డు చెల్లవు. ఫోన్‌లో ఫొటో చూపిస్తే ఒప్పుకోరు, అసలు కాగితం చేతిలో ఉండాలి. సరిగ్గా అప్పుడే పాస్‌పోర్టు రెన్యువల్‌కి ఇచ్చేసి, చేతిలో చెల్లే కార్డు ఇంకేదీ లేనివాళ్ళు ఓటేయడానికి గుర్తింపుగా ఇచ్చే ఓటర్ అథారిటీ సర్టిఫికెట్‌కి దరఖాస్తు పెట్టుకోవాలి. అది ఉచితం. లోపల ఈవీఎం ఉండదు, వేలికి సిరా పెట్టరు. కాగితం బ్యాలెట్, దారానికి కట్టిన పెన్సిల్, నచ్చిన పేరు ఎదురుగా ఇంటూ గుర్తు, అంతే.

ఇక పోస్టల్ ఓటు. ఎన్నికలు సెలవుల్లో పడితే పిల్లలు ఇంటికొచ్చి ఉంటారు. 2024 ఎన్నిక జులై 4న జరిగింది. పోస్టల్ బ్యాలెట్‌ని శ్రీకాకుళం తెప్పించుకుని తిరిగి పంపుదామనుకుంటే దాదాపు కుదరదు. నామినేషన్లు ముగిశాకే బ్యాలెట్లు అచ్చవుతాయి. అవి ఇక్కడికొచ్చి, నింపాక మళ్ళీ పోలింగ్ రోజు రాత్రి 10 లోపు అక్కడికి చేరాలి. ఆ ఎన్నికలో బ్రిటన్‌లో ఉన్న చాలామందికే బ్యాలెట్లు ఆలస్యంగా అందాయి. దాన్ని నింపడంలోనూ తప్పులు దొర్లుతాయి: బ్యాలెట్ 'ఏ' కవరులో పెట్టి అతికించాలి, ఆ కవరునీ సంతకం చేసిన ప్రకటననీ కలిపి 'బీ' కవరులో పెట్టాలి. ప్రకటనలో పుట్టిన తేదీ అడిగిన చోట ఆ రోజు తేదీ రాసినా, దరఖాస్తులో ఉన్నట్టు సంతకం లేకపోయినా ఆ ఓటు లెక్కలోకి రాదు. ఇంటికొచ్చే పిల్లలకి ఈ పద్ధతి పనికిరాదు. ఐదుకి రెండు.

వాళ్ళకి సరైనది ప్రాక్సీ. అక్కడే ఉన్న, ఓటు హక్కున్న నమ్మకమైన స్నేహితుడు మన తరఫున మన బూత్‌కి వెళ్ళి ఓటేస్తాడు. అతను తన గుర్తింపు కార్డే చూపించాలి, మనది కాదు. ఆన్‌లైన్ దరఖాస్తుకి నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు గానీ, పాస్‌పోర్టు లాంటి వేరే ఆధారం గానీ కావాలి. తెల్ల కాగితం మీద నల్ల పెన్నుతో సంతకం పెట్టి ఫొటో ఎక్కించాలి. బ్రిటన్‌లో నమోదైన ఓటర్లకి ఒక్కరు ఇద్దరికి మించి ప్రాక్సీగా వెయ్యకూడదు, కాబట్టి ఒకే ఇంట్లో ఉండే ఆరుగురూ ఒక్కడి మీదే పెట్టుకోవద్దు. మన దేశంలో విదేశాల్లోని ఓటరు స్వయంగా బూత్‌కి రావాల్సిందే. ఆ లెక్కన ఈ సౌకర్యం ఎంతో మేలు.

ఇంత చేశాక, 'ఎవరు గెలుస్తారో ముందే తెలిసిపోయిందిగా, మన ఓటెందుకు' అనే మాట వస్తుంది. జోస్యాల సంగతీ చూడాలి. 2024లో మన దగ్గర ఎగ్జిట్ పోల్స్ ఎక్కువ భాగం ఎన్డీయేకి 350 పైనే ఇచ్చాయి, వచ్చినవి 293. అందుకే ఇక్కడ వాటి మీద గురి తక్కువ. బ్రిటన్‌ది వేరే పద్ధతి. దాదాపు 130 బూత్‌ల బయట, ఓటేసి వచ్చినవాళ్ళ చేతికి నకలు బ్యాలెట్ ఇచ్చి, ఇందాక వేసినట్టే మళ్ళీ వెయ్యమంటారు. సర్వే వాళ్ళు వీలైనంతవరకు గత ఎన్నికలో నిలబడిన బూత్‌ల దగ్గరే నిలబడతారు కాబట్టి మార్పు ఎంతో తెలుస్తుంది. 2024లో లేబర్ పార్టీకి 410 సీట్లు అన్నారు, స్పీకర్ సీటు కలపకుండా 411 వచ్చాయి. రిఫార్మ్ పార్టీకి మాత్రం 13 అంటే వచ్చినవి 5.

అయితే దేశం మొత్తం లెక్క సరిపోయినంత మాత్రాన మీ నియోజకవర్గం లెక్క తేలినట్టు కాదు. అదే రోజు హెండన్‌లో లేబర్ 15 ఓట్లతో, పూల్‌లో 18 ఓట్లతో గెలిచింది. లేబర్ గాలి వీచిన ఆ ఎన్నికలోనే భారతీయులు ఎక్కువగా ఉన్న లెస్టర్ ఈస్ట్‌ని కన్జర్వేటివ్‌లు లేబర్ నుంచి లాక్కున్నారు. పదిహేను ఓట్లంటే రెండు మూడు అద్దె ఇళ్ళలో ఉండే మన పిల్లలు.

ఎవరికి వెయ్యాలన్న సందిగ్ధం మాత్రం నిజమైనదే. మాస్టర్స్ విద్యార్థులు భార్యనో భర్తనో తీసుకెళ్ళే వీలుని 2024 జనవరి నుంచి కన్జర్వేటివ్ ప్రభుత్వం తీసేసింది. ఏప్రిల్‌లో ఉద్యోగానికిచ్చే స్కిల్డ్ వర్కర్ వీసాకి ఏడాది కనీస జీతం హద్దుని 26,200 పౌండ్ల నుంచి 38,700కి పెంచింది. గెలిచిన లేబర్ 2025 జులైలో దాన్ని 41,700 చేసింది. పొలం తాకట్టు పెట్టి పంపిన ఇంటికి ఏ పార్టీ గెలిచినా గుండె దడే. అందుకే పార్టీ పేరు చూసి ఆగిపోకుండా, మీ నియోజకవర్గం అభ్యర్థికి మెయిల్ పెట్టి చదువయ్యాక ఇచ్చే వీసా మీద ఏమంటారో అడగమని పిల్లలకి చెప్పండి. ఓటు అడిగే రోజుల్లో జవాబిచ్చే అవకాశం ఎక్కువ.

గడువులు గోడ మీద రాసిపెట్టుకోండి. నమోదుకి పోలింగ్‌కి 12 పనిదినాల ముందు రాత్రి 11:59, వేసవిలో మనకది తెల్లవారుజామున 4:29. పోస్టల్‌కి 11 పనిదినాలు, ప్రాక్సీకీ సర్టిఫికెట్‌కీ 6 పనిదినాలు. ఈ మూడింటికీ అక్కడి సాయంత్రం 5, అంటే మనకి రాత్రి 9:30. ఎగ్జిట్ పోల్ అక్కడ రాత్రి పదికి వస్తుంది, ఇక్కడ టీవీ ముందు కూర్చునేవాళ్ళు రెండున్నరకి అలారం పెట్టుకోవాలి.