ఒహాయోలో ఇషాపూర్ రైఫిల్: మా క్యాంప్ పెర్రీ ప్రయాణం

మా తాతయ్య గుంటూరులో ఆర్మ్‌డ్ రిజర్వ్ కానిస్టేబుల్. ఆయన నోట త్రీ నాట్ త్రీ కబుర్లు వింటూ పెరిగినవాణ్ణి కాబట్టి, ఆ రైఫిల్‌తో ఒక్కసారైనా గురి చూసి కాల్చాలని చాలా ఏళ్లుగా కోరిక. పోయిన జులైలో అది తీరింది. డెట్రాయిట్ దగ్గర మా ఇంటి నుంచి రెండు గంటల డ్రైవ్‌లో, ఈరీ సరస్సు ఒడ్డున పోర్ట్ క్లింటన్ పక్కనే ఉంటుంది క్యాంప్ పెర్రీ. 1907 నుంచి నేషనల్ మ్యాచెస్ అనే తుపాకీ గురి పోటీలు జరుగుతున్న మిలిటరీ క్యాంపు ఇది, రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్, ఇటాలియన్ ఖైదీలను కూడా ఇక్కడ ఉంచారు.

మనవాళ్లకు ముందే ఒక మాట. హెచ్‌వన్‌బీ, విజిటర్ వీసాల మీద ఉన్నవాళ్లు హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపు లేకుండా తుపాకీ గానీ తూటా గానీ చేతిలోకి తీసుకుంటే ఫెడరల్ చట్టం ప్రకారం నేరం, రేంజ్‌లో అద్దెకు తీసుకున్నా అంతే. ఫ్రెండ్ పిలిచాడు కదా అని వెళ్లి గ్రీన్‌కార్డు మీదకు తెచ్చుకోకండి. నాకు గ్రీన్‌కార్డు వచ్చాకే ఈ సరదా మొదలుపెట్టాను.

బస విషయంలో మాత్రం దెబ్బతిన్నాను. జులైలో ఊరంతా చేపలు పట్టేవాళ్లు, సీడార్ పాయింట్ అమ్యూజ్‌మెంట్ పార్కుకి వచ్చే కుటుంబాలు, దానికి తోడు ఈ మ్యాచ్‌లు. హైవే పక్క ఒక మోటెల్‌లో రెండు రాత్రులకు తగ్గితే ఇవ్వమన్నారు, తీరా వెళితే ఏసీ రాత్రంతా గడగడ, తెల్లారి నాలుగింటికే పడవల ట్రైలర్ల చప్పుడు. క్యాంపు లోపలి బసలో దిగినవాళ్లు హాయిగా నడుచుకుంటూ రేంజ్‌కి వచ్చారు, వచ్చే ఏడాది నెలల ముందే అక్కడే బుక్ చేస్తాను. తిండి సంగతి చెప్పాలంటే, వాలై, పెర్చ్ చేపల వేపుడు బాగుంటుంది కానీ శాకాహారులకు ఇబ్బందే. మేం తీసుకెళ్లిన పులిహోరే రెండు పూటలా కాపాడింది.

రైఫిల్ నాది కాదు. రేంజ్‌లో పరిచయమైన ఒక పెద్దాయన, వియత్నాం యుద్ధంలో పనిచేసినాయన, తన దగ్గర లీ ఎన్‌ఫీల్డ్, అంటే మన త్రీ నాట్ త్రీయే, ఉందని, మ్యాచ్‌కి ఇస్తానని అన్నారు. చేతికివ్వగానే బోల్ట్ కింద చూశాను. కిరీటం గుర్తు, దాని కింద జి.ఆర్.ఐ. (జార్జి చక్రవర్తి పేరుకి పొట్టి అక్షరాలు), ఇషాపూర్, 1943. కలకత్తా దగ్గర తయారై, సర్‌ప్లస్‌లో సముద్రాలు దాటి ఒహాయో చేరింది! వెనక ఇత్తడి బట్ ప్లేట్‌లో చిన్న తలుపు తెరిస్తే నూనె బుడ్డి, గొట్టం శుభ్రం చేసే పుల్‌త్రూ తాడు. తాతయ్య చెప్పింది చెప్పినట్టే ఉంది, కాసేపు మాట రాలేదు.

మ్యాచ్ 200 గజాల దూరం నుంచి. పడుకుని 5 ట్రయల్ షాట్లు, ఆ తర్వాత లెక్కలోకి వచ్చే 10, మొత్తానికి 15 నిమిషాలు. తర్వాత 80 సెకన్లలో 10. చివర నిలబడి 10 నిమిషాల్లో 10. మొత్తం 300 పాయింట్లు. ఆ 80 సెకన్లలోనే అసలు టెన్షన్, ఎందుకంటే త్రీ నాట్ త్రీ తూటాకి వెనక అంచు ఉంటుంది, చార్జర్‌లో (తూటాలను గుత్తిగా పట్టి ఉంచే రేకు క్లిప్పు) అయిదు తూటాల అంచులు ఒకటి కింద ఒకటి పైన సరిగ్గా సర్దకపోతే మ్యాగజైన్‌లో ఇరుక్కుంటాయి. పెద్దాయన ముందురోజు సాయంత్రం నాతో పదిసార్లు సర్దించారు కాబట్టి ఒక్కటీ ఇరుక్కోలేదు. 231 వచ్చింది, నిలబడి కాల్చినప్పుడే ఎక్కువ పోయాయి. సరస్సు వైపుకే కాలుస్తారు కాబట్టి ఏదైనా పడవ అటు వస్తే అందరూ ఆగాల్సిందే.

రెండేళ్ల కిందట అలబామాలో తల్లడేగా షూటింగ్ పార్కుకి కూడా వెళ్లాను. అట్లాంటా నుంచి గంటన్నర. 2015లో తెరిచారు, అంతా ఎలక్ట్రానిక్, తూటా ఎక్కడ తగిలిందో మీ పక్కనున్న తెర మీదే కనిపిస్తుంది. పిల్లలతో, ఎండలో ఎక్కువసేపు ఉండలేని పెద్దవాళ్లతో వెళితే అదే సుఖం. నన్నడిగితే పెర్రీయే. ఇక్కడ వంతులవారీగా పిట్‌లోకి, అంటే టార్గెట్ల కింద ఉండే కందకంలోకి, దిగి మనమే టార్గెట్లు లాగాలి. తల మీదుగా తూటా పోతుంటే చెర్నాకోల ఛళ్లుమనిపించినట్టు శబ్దం, వెంటనే టార్గెట్ కిందికి దించి, పాత చిల్లుకి కాగితం అంటించి, కొత్త చిల్లులో, కాల్చినవాళ్లకు కనపడేలా, గుర్తు బిళ్ల గుచ్చి పైకెత్తాలి. పక్కనున్నవాళ్లు ముక్కూ మొహం తెలియకపోయినా గంటలో వరసలు కలిపేంత దగ్గరైపోతారు. తెర ముందు కూర్చుంటే ఇది దొరకదు.

మర్నాడు మార్బుల్‌హెడ్ లైట్‌హౌస్ చూశాం, 1822 నాటిది, ఓ గంట చాలు.

మ్యాచ్ అయ్యాక రైఫిల్ తిరిగి ఇవ్వబోతే, శుభ్రం చేసి ఇమ్మన్నారు పెద్దాయన. పుల్‌త్రూకి గుడ్డముక్క కట్టి లాగాను. మొదటిది నల్లగా వచ్చింది. రెండోది బూడిదరంగు. ఆయన చాలన్నారు గానీ, గుడ్డ తెల్లగా వచ్చేదాకా వదలొద్దని తాతయ్య అనేవారు, అందుకని అయిదోదాకా లాగాను.